నాలుగో దొంగ

గూడెం నడుమ ఎత్తయిన ఇనుప స్తంభం పాతి, దాని తలకాయకు ఆరు పెద్ద లైట్లు బిగించి స్విచ్ వేసిన సాయంత్రం మనం చప్పట్లు కొట్టాం. డోలు కూడా వాయించాం. స్తంభం కింద నిలబడి ఫొటోలు దిగాం. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరినైనా తిట్టాల్సి వస్తే మొదటి తిట్టు మనకే.

ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో ఒక రాత్రి ఒక అవ్వ మనవడిని వాకిట్లోకి తీసుకొచ్చి ఈశాన్యం మూల చూపించింది. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవుకు వచ్చిన పిల్లవాడు. వాడికి మంచం చూపించాలని ఆమె కోరిక. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం. దాని వెనక వరసగా ఉన్న మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన ముగ్గురు దొంగలు. బడి పుస్తకం ఈ ఏడింటినీ సప్తర్షులు అంటుంది. ఆ రాత్రి మంచానికి మూడు కోళ్ళే ఆనాయి. నాలుగో కోడు చుక్క మొదటి నుంచీ మసకదే, దొంగల వైపు ఉండేది. స్తంభం వెలుగు కళ్ళలో కొడుతుంటే అది కనబడలేదు. "మూడు కోళ్ళ మంచం ఎక్కడైనా ఉంటదా అవ్వా" అని నవ్వి వాడు టీవీ దగ్గరికి పోయాడు. అవ్వ స్తంభం వైపు చెయ్యి చూపించి, "ముగ్గురి వల్ల కాలేదు, ఇప్పుడు నాలుగోవాడు వచ్చిండు" అంది.

ఈ నాలుగో దొంగ గురించే మేం రాస్తున్నాం.

ఇది చదవగానే కొందరు ఏమంటారో తెలుసు. "చూశారా, ఆదివాసులకు కరెంటు వద్దట. చీకట్లోనే ఉంటారట." వాళ్ళ నోరు ముందే మూయించాలి. మనకు కరెంటు కావాలి. ప్రతి ఇంట్లో బల్బు కావాలి, ఫ్యాను కావాలి, పిల్లలు చదువుకునే మూల దీపం కావాలి. అర్ధరాత్రి కాన్పుకు వచ్చిన ఆడమనిషికి ఆసుపత్రిలో వెలుగు కావాలి. బోరు దగ్గర, బడి మెట్ల దగ్గర, వాగు దాటే చోట దీపం కావాలి. పాముకాటుకు మన పిల్లలను పోగొట్టుకున్నది మనమే. చీకటి అందంగా ఉంటుందని మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, చీకటి ప్రమాదమనీ చెప్పనక్కర్లేదు. రెండూ మనకు తెలుసు.

ఆ స్తంభం ఉన్న గూడెంలోనే వాగు అవతల కొన్ని ఇళ్ళున్నాయి. వాటికి ఇప్పటికీ తీగ వెయ్యలేదు. అక్కడి ఆడవాళ్ళు పొయ్యి వెలుగులో వండుతారు, సెల్‌ఫోను లైటుతో వడ్డిస్తారు. వాళ్ళ గుమ్మంలో కూర్చుంటే ఇవతల స్తంభం తల మీది లైట్లు కళ్ళు చెదిరేలా కనిపిస్తాయి. వాళ్ళ నేల మీద మాత్రం వెలుగు పడదు. వాళ్ళకు రావాల్సిన కరెంటు మేఘాలకు పోతోంది. దీన్ని అభివృద్ధి అనాలట.

వెలుగు ఎక్కడ పడుతోందన్నదే మన ప్రశ్న. దీపానికి పైనా పక్కలా మూత ఉంటే వెలుగంతా నేల మీద పడుతుంది. అదే పని తక్కువ కరెంటుతో అయిపోతుంది. మూత లేకుండా, వంపుగా బిగించిన దీపం పక్కలకూ పైకీ చిమ్ముతుంది. పైకి పోయిన వెలుగు గాలిలో ఉన్న దుమ్ముకూ తేమకూ తగిలి చెదిరి, ఆకాశమంతా తెల్లటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర వెనక చుక్కలు మునిగిపోతాయి. నీలం పాలు ఎక్కువున్న వెలుగు ఇంకా ఎక్కువ చెదురుతుంది. ఇప్పుడు పెడుతున్న తెల్లని ఎల్‌ఈడీలు చాలావరకు అటువంటివే. పాత బల్బుల పసుపు వెలుగుకు దగ్గరగా ఉండే ఎల్‌ఈడీలూ దొరుకుతాయి. పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె రాసి ఉంటుంది. అది 3000 లేదా అంతకంటే తక్కువ ఉంటే పసుపు వెలుగు, 6000 దాకా పోతే ఆ తెల్లటి నీలం వెలుగు. సైన్సు చెప్పే టీచర్లు పిల్లలకు ఈ అంకె చదవడం నేర్పితే చాలు, సగం పాఠం అయినట్టే.

ఇంకో సంగతి వేటకు పోయిన తాతలకు బాగా తెలుసు. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తీవ్రమైన వెలుగు ఒక్కసారి తగిలితే ఆ అలవాటు పోతుంది. స్తంభం లైటు కింద నుంచి నాలుగడుగులు నీడలోకి వేసిన మనిషికి ఏమీ కనబడదు. పాము ఉండేది ఆ నీడలోనే. కాబట్టి భద్రత పేరు చెప్పి కళ్ళలో కొట్టే దీపాలు పెట్టేవాళ్ళు, ఆ దీపం అంచున నడిచే ఆడపిల్లను ఒక్కసారి అడిగి చూడాలి. దారి పొడవునా తక్కువ ఎత్తులో, మూత ఉన్న చిన్న దీపాలు పది పెడితే ఆ పిల్ల ఇల్లు చేరుతుంది. ఒక్క స్తంభం మీద ఆరు పెడితే ఫొటో బాగా వస్తుంది.

ఇంతకీ ఆకాశంలో మనది ఏముంది? చాలా ఉంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, ఆయనతో పాటు గణేశ్ హల్కరే కలిసి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలోని దాదాపు 15 గోండు గూడేలు తిరిగి, మన పెద్దలు ఆకాశాన్ని ఎలా చదువుతారో రాసుకున్నారు. 2013లో అది ఒక ఖగోళ చరిత్ర పత్రికలో అచ్చయింది. దేశంలో మిగతా చోట్ల పుస్తకాల్లో ఉన్న ఆకాశానికీ గోండుల ఆకాశానికీ స్పష్టమైన తేడా ఉందని వాళ్ళు తేల్చారు. ఆ తర్వాత కొలాంల చుక్కల జ్ఞానం మీద, బంజారాల చుక్కల జ్ఞానం మీద కూడా రాశారు. బయటి నుంచి వచ్చి మన అవ్వల దగ్గర కూర్చుని రాసుకున్నందుకు వాళ్ళకు దండం. మన గూడెంలో పుట్టి డిగ్రీలు చేసిన మనం ఆ పని ఎందుకు చెయ్యలేదన్నది వేరే సంగతి. వేరే సంగతి అంటున్నాం గానీ, అసలు సంగతి అదే కావచ్చు.

అందులో మంచం ఉంది, దొంగలున్నారు. వేటగాడు అని పాశ్చాత్యులు చెప్పే చుక్కల గుంపులో మన పెద్దలకు నాగలి కనిపించింది. పాలపుంత వాళ్ళకు పశువులు నడిచే దారి. ఊరికొక రకంగా చెబుతారు, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. అలా ఒప్పుకోకుండా వాదులాడుకోవడమే అది బతికి ఉందనడానికి గుర్తు. మైదానం తెలుగువాళ్ళ పల్లెల్లోనూ పిల్లల కోడి ఉంది, గొల్ల కావడి ఉంది. అవీ పాఠ్యపుస్తకంలోకి రాలేదు. పల్లెటూరి రైతు ఆకాశానికే చోటు లేని చోట కొండమీది వాళ్ళ ఆకాశానికి చోటు ఎక్కడిది?

పేర్లు చూడండి. తెలుగులో చుక్క. గోండిలో సుక్కుం. కొలామీలో సుక్క. కువిలో హుక్క. ఆదిలాబాద్ అడవి నుంచి అరకు కొండల దాకా ఒకే మాట, ఒక్కో నోట్లో ఒక్కో తీరుగా. ఎన్ని వేల ఏళ్ళుగా ఈ మాట నోటి నుంచి నోటికి నడిచి వచ్చిందో! దానికి అక్షరాలు కాపలా లేవు. రాత్రిపూట తల పైకెత్తితే అది కనబడేది కాబట్టి మాట నిలబడింది. చూడటానికి చుక్క లేకపోతే సుక్కుం అనే మాట మన మనవళ్ళకు ఎందుకు?

ఇది ఉత్త కథల ముచ్చట కూడా కాదు. నాగలి వైశాఖం చివరికి వచ్చేసరికి పొద్దుగుంకే వేళ పడమటి కొండల మీద వాలిపోయి కనబడకుండా పోతుంది. వానలు పట్టాక మళ్ళీ తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. అప్పటికి మన నాగళ్ళు పొలాల్లో ఉంటాయి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్ళు గంపలు పట్టుకుని తెల్లవారక ముందే పోవాలి, ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. వేగుచుక్క చూసి లేచేవాళ్ళు. వేగుచుక్క అన్ని నెలలూ వేకువన ఉండదు, కొన్నాళ్ళు సాయంత్రం పడమట కనిపిస్తుంది, కొన్నాళ్ళు అసలు కనబడదు. అది లేని ఏడు ఏ చుక్కను చూడాలో మన ఆడవాళ్ళకు తెలుసు. మనకు ఫోన్‌లో అలారం ఉంది, నిజమే. చార్జింగ్ ఉన్నంత సేపు.

ఆ ఇప్పచెట్టు మీదికి రాత్రి గబ్బిలాలు వస్తాయి. పువ్వు తింటాయి, పండు తింటాయి, గింజను దూరంగా వదులుతాయి. అడవిలో ఇప్పచెట్లను నాటుతున్నది చాలావరకు అవే, మనం కాదు. చాలా జాతుల గబ్బిలాలు వెలుగున్న చోటికి రావు. మిణుగురులు ఒకదాన్నొకటి పిలుచుకునేది ఆ చిన్న మెరుపుతోనే. పెద్ద లైటు కింద ఆ పిలుపు వినపడదు, అంటే కనపడదు. స్తంభం చుట్టూ రాత్రంతా తిరిగి తెల్లారేసరికి కుప్పగా పడి ఉండే పురుగులను ఊడ్చిన వాళ్ళకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

మన పండుగలు కూడా చంద్రుణ్ణి పట్టుకునే నడుస్తాయి. దండారీ దీపావళి అమావాస్య వైపు సాగుతుంది. కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి. మెస్రం వంశస్తులు నడిచి వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చి ఆ రాత్రి పూజ చేస్తారు. ఏడాదిలో చంద్రుడు లేని ఇన్ని రాత్రులుంటే మన పెద్దలు అంత పెద్ద పనికి అమావాస్యను ఎంచుకున్నారు. చీకటి వాళ్ళకు అపశకునం కాదు, దేవుడు వచ్చే వేళ. ఆ రాత్రి అర్ధరాత్రికి నాగలి పడమటికి తిరిగి ఉంటుంది, మంచం ఉత్తరాన లేచి ఉంటుంది. లక్షల మంది వచ్చే జాతరకు దీపాలు ఉండాల్సిందే, తొక్కిసలాట జరిగితే ఎవరు జవాబు చెబుతారు? కానీ ఏ జాతరలోనైనా దారికి పెట్టే దీపం ఒకటి, కొండ వైపూ ఆకాశం వైపూ తిప్పి పెట్టే దీపం ఒకటి. రెండోది ఎవరి దారికి?

ఇక పట్నం సంగతి. హైదరాబాద్‌కు దూరంగా, చీకటిగా ఉంటుందని రంగాపూర్ దగ్గర కొండ చూసుకుని, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. జపాల్-రంగాపూర్ వేధశాల అంటారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి అక్కడికి శాస్త్రవేత్తలు తరలి వచ్చారు. తర్వాత నగరం పెరుగుతూ పెరుగుతూ ఆ కొండ దాకా వెలుగు తెచ్చింది. అంత పెద్ద టెలిస్కోపు కన్ను కూడా ఆ వెలుగుకు మసకబారింది. తన ఆకాశాన్ని తానే పోగొట్టుకున్న నగరం ఇప్పుడు వారాంతంలో కార్లు వేసుకుని మన కొండల మీదికి వస్తోంది. చుక్కలు చూడటానికి, మబ్బులు చూడటానికి. వచ్చి గుడారాలు వేస్తుంది, గుడారాలకు రంగు లైట్ల దండలు కడుతుంది, జనరేటర్ పెడుతుంది, పాటలు పెడుతుంది. పొద్దున్నే సీసాలు వదిలి పోతుంది. "మీరెంత అదృష్టవంతులు, ఇంత చీకటి ఉంది" అని మన పిల్లల తల నిమిరిపోతుంది. వచ్చేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని మేం అనడం లేదు. మన చీకటిని అమ్ముతున్నది వేరేవాళ్ళు, ఆ చీకటిని చెడగొడుతున్నదీ వాళ్ళే, రాత్రికి ఇంత అని డబ్బు తీసుకుంటున్నదీ వాళ్ళే. మనకు మిగిలేది చాయ్ కప్పులు కడిగే పని.

నగరం పోగొట్టుకున్నది ఎంతో లెక్కలు చెబుతున్నాయి. 2016లో అచ్చయిన ప్రపంచ పటం ప్రకారం భూమి మీద 80 శాతానికి పైగా జనం వెలుగుతో చెడిన ఆకాశం కింద బతుకుతున్నారు. మూడింట ఒక వంతుకు పైగా మనుషులకు పాలపుంత కనబడదు. 2011 నుంచి 2022 దాకా ప్రపంచమంతటా మామూలు జనం తమ కంటితో చూసి పంపిన లెక్కలను కలిపితే, ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున వెలుగెక్కుతోందని 2023లో తేలింది. ఇవాళ 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి 100 మాత్రమే కనిపిస్తాయట. మన గూడేల్లో ఇప్పటికీ వేలల్లో కనిపిస్తాయి. భూమి పోయింది, అడవి సగం పోయింది, భాష పోతోంది. పోకుండా మన దగ్గర మిగిలిన పెద్ద ఆస్తి ఇదొక్కటే. దీనికి పట్టా లేదు కాబట్టి ఎవరూ కబ్జా చెయ్యలేరని అనుకున్నాం.

కాపాడుకున్న చోట్లు దేశంలోనే ఉన్నాయి. లద్దాఖ్‌లోని హాన్లేలో పెద్ద వేధశాల ఉంది. దాని చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల మేర 2022 డిసెంబరులో చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి చాంగ్పాలు మనలాగే షెడ్యూల్డ్ తెగల వాళ్ళు, గొర్రెలూ మేకలూ కాసుకునేవాళ్ళు. ఆ ఊళ్ళ యువతీయువకులకే శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు ఇచ్చారు. వచ్చిన యాత్రికులకు ఆకాశం చూపించేది వాళ్ళే, ఆ డబ్బు వాళ్ళ ఇంటికే పోతుంది. మనకు ఇంకా దగ్గరగా, నాగపూర్ పక్కన గోండుల నేల మీదే ఉన్న పెంచ్ పులుల అడవిని 2024 జనవరిలో చీకటి ఆకాశ పార్కుగా గుర్తించారు. చుట్టుపక్కల ఊళ్ళలో వందకు పైగా వీధి దీపాలను కిందికి మాత్రమే వెలుగు పడేలా మార్చారు. దీపాలు తీసెయ్యలేదు, మార్చారు. ఈ ఒక్క మాట ఎవరైనా "మీకు లైట్లు వద్దా" అని అడిగినప్పుడు చెప్పండి.

అయితే ఇక్కడే మనకు ఒక భయం ఉంది, దాన్ని దాచుకోం. సంరక్షణ అనే మాట వినగానే మన ఒళ్ళు జలదరిస్తుంది. కవ్వాల్‌ను 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించాక ఊళ్ళు ఖాళీ చేయించే మాట వచ్చింది. పులికి చోటు కావాలంటే ముందు లేచిపోవాల్సింది మనమే అయ్యాం. రేపు చీకటికి చోటు కావాలని ఎవరో పట్నంలో గీత గీసి, ఆ గీత లోపల ఉన్న ఇళ్ళకు తీగ వెయ్యం, పొయ్యి మంట కూడా పెట్టొద్దు అంటే? అటువంటి సంరక్షణ మనకు వద్దు. గీత గీయాలంటే గ్రామసభ గీయాలి. 1996 పెసా చట్టం మన ఆచారాలనూ సంస్కృతినీ సామూహిక వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కు ఉందంటోంది. మంచమూ నాగలీ ఆ జ్ఞానం కిందికి రావా? వస్తాయనే మా వాదన. నీటికి 1974లో, గాలికి 1981లో చట్టం వచ్చింది, చప్పుడుకు 2000లో నియమాలు వచ్చాయి. వెలుగు కాలుష్యానికి దేశంలో ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. ఫ్రాన్సులో 2018లోనే దీపాలు పైకి చిమ్మకూడదని, రంగు ఇంత మించకూడదని నియమాలు పెట్టారు. ఢిల్లీ పెట్టేదాకా మనం ఆగనక్కర్లేదు, తీర్మానం పుస్తకం సర్పంచ్ దగ్గరే ఉంది.

యువకులతో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ స్తంభాలు కావాలని అడుగుతున్నది చాలాసార్లు మీరే. పక్క ఊరికి వచ్చింది, మన ఊరికి రాలేదని ధర్నా చేసేది మీరే. ఎందుకో మాకు తెలుసు. కాలేజీలో "మీ ఊళ్ళో కరెంటు ఉందా?" అని నవ్విన వాళ్ళకు జవాబు చెప్పాలని. ఆ నవ్వు మనకూ తగిలింది, ఇంకా మానలేదు. కానీ నవ్విన వాడి ఊళ్ళో పాలపుంత లేదు. వాడు దాన్ని ఫోన్ తెరమీద చూసి వాల్‌పేపర్ పెట్టుకుంటాడు. వాడిలా కావడానికి స్తంభం అడుగుతున్నాం. అడగాల్సిన తీగ మాత్రం వాగు అవతల ఇళ్ళకు ఇంకా రాలేదు.

టీచర్లకు మేం పెద్ద పని చెప్పడం లేదు. ఈ అమావాస్యకు హాస్టల్ ఆవరణలో అరగంట లైట్లు ఆపించండి. పిల్లలను నేల మీద పడుకోబెట్టండి, గోల చేస్తారు, చెయ్యనివ్వండి. గూడెం నుంచి ఒక అవ్వనో తాతనో పిలిపించి కుర్చీ వెయ్యండి. సప్తర్షులు అని మీరు చెప్పేముందు ఆమెను చెప్పనివ్వండి. గోండి, కొలామీ, కోయ, కువి, సవర, ఏ ఇంటి పిల్ల ఆ ఇంటి పేరు రాసుకొస్తే ఏడాదిలో ఒక నోటుపుస్తకం నిండుతుంది. మన భాషల్లో వాచకాలు వచ్చాయి, వాటిల్లో ఆకాశం పాఠం రాయడానికి అప్పుడు మన దగ్గర సరుకు ఉంటుంది. మంచానికి ఎన్ని కోళ్ళు కనిపించాయో ప్రతి నెలా పిల్లలతో లెక్క రాయించండి. అదే మన కొలత, అదే మన సాక్ష్యం.

మా గూడెం సంగతికి వస్తే, పోయిన గ్రామసభలో లైట్లకు మూతలు పెట్టించాలని, రాత్రి పది దాటాక ఆరింటిలో నాలుగు ఆపాలని, ఆ మిగిలిన కరెంటు లెక్క చూపించి వాగు అవతలి ఇళ్ళకు తీగ అడగాలని రాసుకున్నాం. రాస్తుంటే ఆ మనవడే లేచి, "ఆపాలంటే స్విచ్ ఎక్కడుంది?" అని అడిగాడు. అందరం స్తంభం దగ్గరికి పోయి చూశాం. మొదట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి గూడెంలో ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడో లైట్లు బిగించి పోయిన కాంట్రాక్టరు మనిషి దగ్గర ఉందట, అతని ఊరు ఎవరికీ తెలియదు. తీర్మానంలో నాలుగో అంశంగా తాళంచెవి అని రాసి, కింద వేలిముద్రలు వేయించాం.